రీకాల్ బ్యాలెట్‌లో రెండో ప్రశ్న ఖాళీగా వదిలేయాలా?

మీరు అడిగింది ఇదీ: ఈ మధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, ఉండేది కాలిఫోర్నియా బే ఏరియాలో. మీ ఊళ్లో ఒక ప్రజాప్రతినిధిని పదవీకాలం మధ్యలోనే దించడానికి (దీన్నే రీకాల్ అంటారు) సంతకాలు సేకరిస్తున్నారు. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "రీకాల్ ఎన్నిక వస్తే మొదటి ప్రశ్నకి నో కొట్టి రెండోది ఖాళీగా వదిలేయండి, రెండూ నింపితే ఓటు చెల్లదు" అని పెట్టారు. అది నిజమేనా? తక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలవొచ్చంటున్నారు, అదెలా? గ్రీన్ కార్డు మీదున్న మీ ఆవిడ సంతకం పెట్టొచ్చా? మన దేశంలో ఇలాంటిది ఉందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. రీకాల్ బ్యాలెట్ మీద మొదటి ప్రశ్న పదవిలో ఉన్న మనిషిని దించాలా అని, రెండోది దించితే ఎవరు రావాలి అని. రెండూ నింపితే చెల్లదన్నది పచ్చి అబద్ధం. ఒకటి నింపి ఒకటి వదిలేసినా చెల్లుతుంది. తక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలిచే అవకాశం మాత్రం నిజంగానే ఉంది. మీ ఆవిడ సంతకం పెట్టకూడదు. ఇక మీ ఊరి వ్యవహారానికొస్తే, స్థానిక పదవి కాబట్టి మీ బ్యాలెట్ మీద రెండో ప్రశ్న దాదాపుగా ఉండదు. ఎందుకో కింద చెబుతాను. చాలా ఏళ్లుగా ఇక్కడ ఎన్నికల సమయంలో పోలింగ్ సెంటర్లో పనిచేస్తున్నాను. గవర్నర్ రీకాల్ జరిగిన 2021లో మనవాళ్లే కాదు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా నన్ను ఎక్కువగా అడిగింది ఈ రెండో ప్రశ్న గురించే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాలిఫోర్నియాలో ఈ పద్ధతి 1911లో వచ్చింది. అప్పట్లో రాష్ట్ర రాజకీయం మొత్తం సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ గుప్పిట్లో ఉండేది. దాన్ని విడిపిస్తానని గెలిచిన గవర్నర్ (ఇక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రిలా ఎన్నికైన పాలకుడు) హైరమ్ జాన్సన్, చట్టాలను జనమే ప్రతిపాదించే హక్కు, చట్టాల మీద జనాభిప్రాయం కోరే హక్కు, ఎన్నికైనవాళ్లను దించే హక్కు, ఈ మూడూ రాజ్యాంగంలోకి తెచ్చాడు. ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది కూడా ఆ అక్టోబరు ఓటింగ్‌లోనే.

గవర్నర్‌ను దించాలంటే కారణం నిరూపించనక్కర్లేదు. "పాలన బాగాలేదు" అని నాలుగు ముక్కలు రాసినా సరిపోతుంది, ఆ మాటల నిజానిజాలు తేల్చేవాళ్లెవరూ ఉండరు. కావలసింది సంతకాలు. గత ఎన్నికలో ఆ పదవికి పోలైన ఓట్లలో 12 శాతం. అవి కనీసం 5 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) నుంచి రావాలి, ఆ ఒక్కో కౌంటీలో అక్కడి ఓట్లలో 1 శాతానికి తగ్గకూడదు. గడువు 160 రోజులు. చాలా రాష్ట్రాల్లో 25 శాతం అడుగుతారు, కాబట్టి ఇది తేలిక కిందే లెక్క. 1960 తర్వాత వచ్చిన ప్రతి గవర్నర్ మీదా ఏదో ఒక పిటిషన్ పడింది. ఎన్నిక దాకా వెళ్లినవి మాత్రం రెండే: 2003లో గ్రే డేవిస్, 2021లో గావిన్ న్యూసమ్.

ఆ 12 శాతంలో ఒక తిరకాసుంది. అది నమోదైన ఓటర్లలో 12 శాతం కాదు, పోలైన ఓట్లలో. గత ఎన్నికలో జనం ఉత్సాహంగా రాకపోతే సంతకాల లక్ష్యం కూడా తగ్గిపోతుంది. 2002లో పోలింగ్ పలచగా జరిగింది, కాబట్టి డేవిస్‌ను దించడానికి 9 లక్షల లోపు సంతకాలే చాలాయి. 2018లో జనం బాగా వచ్చారు, న్యూసమ్ విషయంలో లక్ష్యం దాదాపు 15 లక్షలైంది. జనానికి ఆసక్తి కలిగించకుండా గెలిచిన నాయకుడికి తర్వాత ఇదో శిక్షలాంటిది.

2021లో అసలు ఆ 15 లక్షలు వచ్చేవి కావేమో. కోవిడ్ ఆంక్షల్లో సంతకాలు సేకరించడం కష్టమని ఒక జడ్జి గడువును 2020 నవంబరు నుంచి 2021 మార్చి దాకా పొడిగించాడు. సరిగ్గా ఆ నవంబరులోనే గవర్నర్ ఒక ఖరీదైన రెస్టారెంట్లో విందుకు వెళ్లిన సంగతి బయటపడింది. జనాన్ని గుంపులుగా కలవొద్దని చెబుతున్న మనిషే అలా చేశాడని గొడవైంది. సంతకాలు వరదలా వచ్చాయి. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడానికి 30 పనిదినాల గడువు ఇవ్వాలని అంతకుముందే ఒక చట్టం ఉంది. పదిహేడు లక్షల పైచిలుకు సంతకాల్లో ఎంతమంది వెనక్కి తీసుకున్నారో తెలుసా? 43 మంది. ఆ గడువు వల్ల ఒరిగిందేమిటంటే ఎన్నిక కొన్ని వారాలు ఆలస్యం కావడమే.

ఇప్పుడు బ్యాలెట్ దగ్గరికొద్దాం. రాష్ట్ర స్థాయి రీకాల్‌లో ఒకే కాగితం మీద రెండు ప్రశ్నలుంటాయి. మొదటిది: ఫలానా వ్యక్తిని పదవి నుంచి తొలగించాలా, అవునా కాదా? రెండోది: తొలగిస్తే ఆ స్థానంలో ఎవరు రావాలి? ఈ రెండో జాబితాలో ప్రస్తుతం పదవిలో ఉన్న మనిషి పేరు ఉండటానికి వీల్లేదు.

కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటి ప్రశ్నలో పదవిలో ఉన్న మనిషి నిలబడాలంటే సగం ఓట్లైనా కావాలి. రెండో ప్రశ్నలో గెలవాలంటే సగం అక్కర్లేదు, అందరికంటే ఎక్కువ వస్తే చాలు. రెండింటికీ కొలబద్దలు వేరు. వంద మంది ఓటేశారనుకోండి. 51 మంది దించమన్నారు, 49 మంది వద్దన్నారు. ఆ 49 మందీ రెండోది ఖాళీగా వదిలేశారు. మిగిలిన 51 ఓట్లూ పదుల మంది అభ్యర్థుల మధ్య చీలి, మొదటివాడికి 25 వచ్చాయి. 49 మంది కావాలనుకున్న మనిషి ఇంటికెళ్తాడు, 25 మంది కావాలనుకున్న మనిషి కుర్చీ ఎక్కుతాడు.

ఇది ఊహాగానం కాదా అంటే, 2003లో త్రుటిలో తప్పిపోయింది. డేవిస్ 2002 నవంబరులో రెండోసారి గెలిచాడు. విద్యుత్ సంక్షోభం, బడ్జెట్ లోటు, కార్ల మీద ఫీజు మూడింతలు కావడం, అన్నీ కలిసి ఏడాది తిరక్కుండానే ఆయన మీద పడ్డాయి. మొదట్లో చప్పగా నడిచిన సంతకాల సేకరణలోకి రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు డారెల్ ఐసా సొంత డబ్బు పదిహేను లక్షల డాలర్లకు పైనే పోసి, కూలికి మనుషుల్ని పెట్టించాడు. అక్టోబరు 7న ఎన్నిక. 55.4 శాతం మంది దించమన్నారు. రెండో ప్రశ్నలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌కు 48.6 శాతం వచ్చింది. ఓట్లలో చూస్తే ఆయనకు సుమారు 42 లక్షలు, డేవిస్‌ను ఉంచమన్నవాళ్లు సుమారు 40 లక్షలు. తేడా కేవలం రెండు లక్షలు. సినిమా హీరో కాబట్టి ఆ మాత్రం మెజారిటీ వచ్చింది. అదే చోట మామూలు రాజకీయ నాయకుడు ఉండి ఉంటే పైన చెప్పిన తలకిందుల లెక్క నిజమైపోయేది. ఆ తర్వాత ఈ పద్ధతిని మార్చాలని గట్టిగా ఎవరూ పట్టుబట్టకపోవడానికి కారణం కూడా ఆ రెండు లక్షల తేడాయేనని నా అనుమానం. ప్రమాదం జరగలేదు కాబట్టి రోడ్డు బాగానే ఉందనుకున్నారు.

2003 గురించి మాట్లాడితే అభ్యర్థుల జాబితా గురించి చెప్పకుండా ఉండలేను. 135 మంది! 65 సంతకాలు, 3,500 డాలర్ల ఫీజు కడితే చాలు, ఎవరైనా గవర్నర్ పదవికి పోటీ చేయొచ్చు. టీవీ నటుడు గ్యారీ కోల్‌మన్, పత్రికాధిపతి లారీ ఫ్లింట్ కూడా బరిలో ఉన్నారు. మధ్యలో విరమించుకున్న రచయిత్రి అరియానా హఫింగ్టన్ పేరు కూడా అచ్చైపోయిన బ్యాలెట్ మీద అలాగే ఉండిపోయింది. పేర్లు అక్షరక్రమంలో వేస్తే ముందున్నవాళ్లకు లాభం కాబట్టి ఇక్కడ అక్షరాలకే లాటరీ తీస్తారు. ఆ ఏడాది వరస ఆర్, డబ్ల్యూ, క్యూ, ఓ అంటూ మొదలైంది. అదీ చాలదని 80 అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఒక్కోచోట వరసను ఒక్కో మెట్టు జరుపుతూ పోయారు, మొదటి పేరు చివరికి వెళ్తుంది. పక్కపక్క పేర్లు మాత్రం పక్కపక్కనే ఉంటాయి. ఫలితం ఏమిటంటే ష్వార్జ్‌నెగ్గర్ పక్కనే ష్వార్ట్జ్‌మన్ అనే ఒక ఊరూ పేరూ తెలియని అభ్యర్థి వచ్చాడు, 12 వేలకు పైగా ఓట్లతో 135 మందిలో తొమ్మిదోవాడిగా నిలిచాడు! కారు గుర్తు పక్కన రోడ్డు రోలర్ గుర్తుతో తెలంగాణలో పడిన తిప్పలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఆ ఎన్నికలోనే మీ వాట్సాప్ పుకారుకు మూలం కూడా దొరుకుతుంది. అంతకుముందు చట్టంలో, మొదటి ప్రశ్నకు జవాబివ్వకపోతే రెండో ప్రశ్నలో వేసిన ఓటు లెక్కించరన్న నిబంధన ఉండేది. ఎవరికి ఓటేయాలన్నది ప్రాథమిక హక్కు, దాన్ని ఇంకో జవాబుతో ముడిపెట్టడం కుదరదని 2003 జులైలో ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశాడు. పదేళ్ల తర్వాత కొలరాడోలో సరిగ్గా ఇలాంటి నిబంధననే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. కాబట్టి ఇప్పుడు రెండు ప్రశ్నలకూ మధ్య ఏ ముడీ లేదు. 2003లో నాలుగు లక్షల పైచిలుకు ఓటర్లు అసలు మొదటి ప్రశ్నకు ఏ జవాబూ నమోదు చేయలేదు. కొందరు కావాలని చేసి ఉంటారు, కార్డుకు రంధ్రం పొడిచి ఓటేసే పాత పంచ్ కార్డు యంత్రాల మహిమ కూడా కొంత ఉంటుంది. ఆ యంత్రాల పేరు మీదే ఒక అప్పీల్ కోర్టు ధర్మాసనం ఎన్నికను ఆపమంటే, విస్తృత ధర్మాసనం వెంటనే ఆ తీర్పును తిప్పేసి జరగనిచ్చింది.

సరే, మరి 2021లో డెమోక్రాట్లు "రెండోది ఖాళీగా వదిలేయండి" అని ఎందుకు చెప్పారు? అది చట్టం కాదు, వ్యూహం. 2003లో వాళ్లకు తగిలిన దెబ్బ గుర్తుంది. అప్పుడు సొంత పార్టీ లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) క్రూజ్ బుస్తమాంటే "రీకాల్‌కు నో, నాకు యెస్" అంటూ పోటీకి దిగాడు. ఎన్నిక తేదీని ప్రకటించాల్సింది లెఫ్టినెంట్ గవర్నరే, అంటే తేదీ ఖరారు చేసిన మనిషే తర్వాత అభ్యర్థి కూడా అయ్యాడు. మంచి ప్రత్యామ్నాయం జాబితాలో ఉంటే "డేవిస్ పోతే పోనీ, మనవాడే వస్తాడు" అని సొంత పార్టీ ఓటర్లే సడలిపోతారు. లేకపోతే, దించితే మాత్రం కుర్చీ మొత్తం అవతలివాళ్ల పాలవుతుంది. ఈ ఇరకాటంలో న్యూసమ్ బృందం రెండో దారి ఎంచుకుంది. పేరున్న డెమోక్రాట్ ఎవరూ దిగకుండా చూసింది. 46 మంది అభ్యర్థుల్లో ముందున్నది రిపబ్లికన్ రేడియో వ్యాఖ్యాత లారీ ఎల్డర్. "ఇది న్యూసమ్‌కూ ఎల్డర్‌కూ మధ్య పోటీ" అని ప్రచారం చేసి భయపెట్టి ఓట్లు రాబట్టారు.

వ్యూహం పారింది. మొదటి ప్రశ్నకు సుమారు కోటీ 28 లక్షల ఓట్లు పడితే 61.9 శాతం న్యూసమ్‌ను ఉంచమన్నారు. రెండో ప్రశ్నకు పడినవి 73 లక్షల పైచిలుకే. అంటే యాభై లక్షల మందికి పైగా ఖాళీగా వదిలేశారు. మిగిలిన వాటిలో ఎల్డర్‌కు 48.4 శాతం, సుమారు 35 లక్షల 60 వేలు. రెండో స్థానం ఒక యూట్యూబర్‌ది! ఆయనా డెమోక్రాటే, కానీ పార్టీ పట్టించుకోలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న ఫలితం అటుగా ఒరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. కోటీ 28 లక్షల్లో 63 లక్షల మంది న్యూసమ్‌ను ఉంచమన్నా ఆయన దిగిపోయేవాడు, అందులో సగం కాస్త దాటిన ఓట్లతో ఎల్డర్ కూర్చునేవాడు. ఖాళీగా వదిలేసినవాళ్లు ఆ ఎంపికలో తమ మాట వదులుకున్నట్టే. నా దృష్టిలో పార్టీకి అది మంచి వ్యూహమే, ఓటరుకు మాత్రం కాదు. పార్టీకి కావలసింది మొదటి ప్రశ్న గెలవడం. మీకు కావలసింది ఒకవేళ ఓడినా నష్టం తగ్గించుకోవడం. రీకాల్ వద్దనుకున్నా సరే, జాబితాలో ఉన్నవాళ్లలో మీకు తక్కువ ఇబ్బంది కలిగించే మనిషికి ఓటేయండి. దానివల్ల మొదటి ప్రశ్నలో మీ "నో" బలం ఇసుమంతైనా తగ్గదు. పోలింగ్ సెంటర్లో ఉన్నప్పుడు ఇది చెప్పే వీలుండదు, అక్కడ "రెండూ వేర్వేరుగా లెక్కిస్తారు" అన్నంత వరకే మా పని. ఇక్కడ చెప్పడానికి అడ్డు లేదు కాబట్టి చెబుతున్నాను.

ఇదంతా రాజ్యాంగ విరుద్ధం, ఒక మనిషికి ఒకే ఓటు విలువ అన్న సూత్రానికే ఎదురు అని బర్క్‌లీ న్యాయ కళాశాల డీన్ 2021 ఆగస్టులో వాదించారు. దావా కూడా పడింది, కోర్టు ఎన్నికను ఆపలేదు. ప్రతి ఓటరుకూ రెండు ప్రశ్నల్లోనూ ఓటుంది కాబట్టి చట్టపరంగా ఆ వాదన నిలవడం కష్టమేనని నాకూ అనిపించింది. కానీ పదవిలో ఉన్న మనిషిని మాత్రమే జాబితాలో లేకుండా చేయడం న్యాయమా అన్న ప్రశ్నకు ఇంతవరకు నాకు సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

2003, 2021 పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. దించమన్న ఓట్లు 2003లో 49.8 లక్షలు, 2021లో 48.9 లక్షలు. దాదాపు ఒకటే! ఒకచోట అది 55 శాతం అయింది, ఇంకోచోట 38 శాతం. ఈ మధ్యలో నమోదైన ఓటర్లు కోటీ 54 లక్షల నుంచి 2 కోట్ల 20 లక్షలకు పెరిగారు, 2021లో అందరికీ బ్యాలెట్లు ఇంటికే పంపారు. రీకాల్ బలమంతా కోపంగా ఉన్నవాళ్లు మాత్రమే బూత్‌కు వస్తారన్న నమ్మకం మీద ఉంటుంది. బ్యాలెట్ ఇంటి తపాలా పెట్టెలోకే వచ్చాక ఆ నమ్మకం సడలిపోయింది. పోస్టులో వచ్చే బ్యాలెట్‌తో వచ్చే చిక్కులు దానికున్నాయనుకోండి. 2021లో వెనక్కి పంపే కవరుకు రెండు చిన్న రంధ్రాలుంటే, "మనం వేసిన ఓటు కనబడటానికే పెట్టారు" అని పెద్ద దుమారం రేగింది. చూపులేనివాళ్లు సంతకం ఎక్కడ చేయాలో తడిమి తెలుసుకోవడానికి పెట్టినవి అవి. అదే ఎన్నికలో న్యూసమ్ పేరు పక్కన ఆయన పార్టీ పేరు అచ్చవలేదు. సకాలంలో కాగితం దాఖలు చేయలేదు, కోర్టుకెళ్లినా జడ్జి ఒప్పుకోలేదు.

విస్కాన్సిన్ పద్ధతి చూస్తే మన తల కాస్త తేలికపడుతుంది. అక్కడ అవునూ కాదూ అన్న ప్రశ్నే ఉండదు. సంతకాలు సరిపోతే మళ్లీ మామూలు ఎన్నికే, పదవిలో ఉన్న మనిషి కూడా అభ్యర్థిగా ఉంటాడు. 25 శాతం సంతకాలు 60 రోజుల్లో తేవాలి. 2012లో ప్రభుత్వోద్యోగుల సంఘాల బేరమాడే హక్కులకు కోత పెట్టిన గవర్నర్ స్కాట్ వాకర్ మీద 5 లక్షల 40 వేలు కావాల్సి ఉంటే తొమ్మిది లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. ఎన్నికలో మాత్రం ఆయన 53 శాతంతో గెలిచాడు, అదీ 2010లో అదే ప్రత్యర్థి టామ్ బారెట్ మీద గెలిచిన దానికంటే ఎక్కువ తేడాతో. అవినీతి, దుష్ప్రవర్తన లాంటివి ఉంటేనే రీకాల్ పెట్టాలి తప్ప విధానం నచ్చకపోతే కాదని ఓటేసి వచ్చినవాళ్లలో ఎక్కువమంది సర్వేలో చెప్పారు. ఆ పద్ధతికి కూడా తిరకాసుంది. సంతకాల సేకరణ నడుస్తున్నంత కాలం పదవిలో ఉన్న మనిషి విరాళాలకు పరిమితి ఉండదు, వాకర్ దాన్ని బాగా వాడుకున్నాడు. 2011 సెనేట్ రీకాల్స్‌లో రిపబ్లికన్లు డెమోక్రాట్ల ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని తేల్చే తొలి ఓటింగ్) తమ మనుషుల్నే నిలబెట్టి అసలు పోటీని నెల రోజులు వెనక్కి జరిపారు. ఇన్ని లొసుగులున్నా, నన్నడిగితే కాలిఫోర్నియా కంటే విస్కాన్సిన్ బ్యాలెట్టే న్యాయమైనది. వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ ఒకే తక్కెడలో తూస్తుంది.

అమెరికాలో రీకాల్ వల్ల పదవి పోగొట్టుకున్న గవర్నర్లు చరిత్రలో ఇద్దరే. డేవిస్ కంటే ముందు 1921లో నార్త్ డకోటా గవర్నర్ లిన్ ఫ్రేజర్. ఆయన మరుసటి ఏడాదే అదే రాష్ట్రం నుంచి అమెరికా సెనేట్‌కు ఎన్నికయ్యాడు! 1988లో ఆరిజోనాలో ఎవన్ మెకమ్ మీద ఎన్నిక ఖరారైంది కానీ, ఆలోపే శాసనసభ అభిశంసించి తీసేయడంతో అది రద్దయింది.

అమెరికా దాటితే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది తైవాన్. అక్కడ దించమన్న ఓట్లు వద్దన్న వాటికంటే ఎక్కువ ఉండటంతో పాటు, మొత్తం ఓటర్లలో నాలుగో వంతుకు తగ్గకూడదు. 2020 జూన్‌లో కావోష్యుంగ్ మేయర్ హాన్ క్వో-యూ తన మద్దతుదారులను అసలు బూత్‌కే వెళ్లొద్దన్నాడు. వెళ్లి వద్దని ఓటేయడం కంటే, నాలుగో వంతు నిండకుండా చూడటం తేలికని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. దించమన్నవి 9 లక్షల 39 వేలు, వద్దన్నవి పాతిక వేలు. 2018లో ఆయన గెలిచినప్పుడు వచ్చిన 8 లక్షల 92 వేల కంటే దించిన ఓట్లే ఎక్కువ. కానీ దీనిలో గమనించాల్సింది గెలుపోటములు కాదు. ఒక పక్షం వెళ్లొద్దని పిలుపిస్తే, బూత్ దగ్గర క్యూలో నిలబడిన ప్రతి మనిషి ఓటూ బయటపడ్డట్టే. ఇరుగుపొరుగుకు, ఆఫీసులో బాస్‌కు చెప్పకనే తెలిసిపోతుంది. కనీస ఓట్ల నిబంధన మంచి ఉద్దేశంతో పెట్టినా రహస్య ఓటు అన్నదానికి చిల్లు పెడుతుంది. 2025లో అక్కడే ప్రతిపక్ష కువోమింతాంగ్ శాసనసభ్యుల మీద మూకుమ్మడిగా రీకాల్ పెట్టారు, జులైలో 24 మంది, ఆగస్టులో 7 మంది. ఒక్కరూ దిగలేదు.

బ్రిటన్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. 2015 చట్టం ప్రకారం ఎంపీకి జైలు శిక్ష పడటం, సభ నుంచి సస్పెండ్ కావడం లాంటి కారణం ఉంటేనే పిటిషన్ తెరుస్తారు. ఆరు వారాల్లో నియోజకవర్గ ఓటర్లలో 10 శాతం సంతకం చేస్తే సీటు ఖాళీ. వద్దనేవాళ్లు సంతకం చేయడానికి చోటే లేదు, ఇంట్లో కూర్చోవడమే. కాబట్టి సంతకాల కేంద్రం గుమ్మం తొక్కినవాళ్లు ఏ పక్షమో అందరికీ అర్థమైపోతుంది. 2018లో ఇయాన్ పెయిస్లీ మీద 9.4 శాతమే వచ్చి ఆగిపోయింది, నాలుగు వందల పైచిలుకు సంతకాల తేడా. మరుసటి ఏడాది పీటర్‌బరోలో ఫియోనా ఒనసన్యా సీటు పోయింది. దిగిపోయిన ఎంపీ ఆ ఉప ఎన్నికలో మళ్లీ నిలబడొచ్చు కూడా. క్రిస్ డేవీస్ అలాగే 2019లో నిలబడి ఓడిపోయాడు.

మన దేశానికొస్తే, ఎమ్మెల్యేనో ఎంపీనో దించే హక్కు ఓటరుకు లేదు. 1974లో లోక్‌సభలో సి.కె. చంద్రప్పన్ ఒక బిల్లు తెచ్చారు, వాజ్‌పేయి సమర్థించారు, అయినా వీగిపోయింది. 2016లో వరుణ్ గాంధీ పెట్టిన ప్రైవేటు బిల్లూ చట్టం కాలేదు. పురపాలక స్థాయిలో మాత్రం మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఈ పద్ధతి తెచ్చారు. కౌన్సిలర్లలో నాలుగింట మూడొంతుల మంది కోరితే జనం ఓటుకు పెడతారు. అక్కడి బ్యాలెట్ నాకు చాలా నచ్చుతుంది: ఖాళీ కుర్చీ బొమ్మ ఒకటి, మనిషి కూర్చున్న కుర్చీ బొమ్మ ఒకటి. దించాలంటే ఖాళీ కుర్చీ మీద ముద్ర వేయాలి. చదువు రాని ఓటరుకు కూడా సందేహం రాదు. కాలిఫోర్నియా బ్యాలెట్ మీద "యెస్" అంటే ఉంచమనా తీయమనా అని తికమకపడ్డవాళ్లను చూశాక, ఆ కుర్చీ బొమ్మల విలువ బాగా తెలిసింది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో మూడు చిన్న పట్టణాల అధ్యక్షుల్ని జనం ఇలాగే దించారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మనం తరచూ వినే అవిశ్వాస తీర్మానం ఇది కాదు. 2024 మొదట్లో తెలంగాణ మునిసిపాలిటీల్లో వరసపెట్టి వచ్చినవీ, 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్ పదవి పోయిందీ అవిశ్వాసం వల్లే. అక్కడ ఓటేసేది కౌన్సిలర్లు, కార్పొరేటర్లు. అందుకే రిసార్టు క్యాంపులు పెడతారు. రీకాల్‌లో రిసార్టుకు తీసుకెళ్లడానికి ఊరంతా పట్టదు కదా. జనం నేరుగా ఎన్నుకునే సర్పంచి మీద మన రెండు రాష్ట్రాల్లో అవిశ్వాసం పెట్టే వీలు లేదు, ఉప సర్పంచి మీద పెట్టొచ్చు. నేరుగా ఎన్నుకున్న పదవికి నేరుగా దించే దారి లేకపోవడం లోటేనని నేననుకుంటాను. కానీ ఊళ్లో ఎవరు సంతకం పెట్టారో తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయే చోట, పిటిషన్ పద్ధతి పెడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. వెనిజులాలో 2004లో చావెజ్ మీద సంతకాలు పెట్టినవాళ్ల జాబితా బయట పెట్టేశారు, చాలామంది ఉద్యోగాల దగ్గర ఇబ్బందులు పడ్డారు. కాలిఫోర్నియాలో ఆ జాబితా బహిరంగం కాదు.

ఇక మీ ఊరి సంగతి. 2022లో చేసిన చట్టంతో, 2023 నుంచి స్థానిక పదవుల రీకాల్ బ్యాలెట్ మీద మొదటి ప్రశ్న ఒక్కటే ఉంటుంది. దిగిపోతే ఖాళీని నియామకంతోనో విడిగా ప్రత్యేక ఎన్నికతోనో నింపుతారు. సొంత చార్టర్ (నగర రాజ్యాంగం లాంటిది) ఉన్న నగరాలకు సొంత నియమాలుంటాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2022లో జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే పదవి) చెసా బౌడిన్‌ను దించినప్పుడు, కొత్తవాళ్లను మేయర్ నియమించారు. ఓక్లండ్‌లో 2024 నవంబరులో మేయర్ షెంగ్ తావోను దించాక, 2025 ఏప్రిల్‌లో వేరే ఎన్నిక పెట్టి బార్బరా లీని ఎన్నుకున్నారు. కాబట్టి సంతకం పెట్టే ముందు మీ ఊళ్లో తర్వాత కుర్చీలో కూర్చోబెట్టేది ఎవరో కనుక్కోండి. మేయర్ నియమిస్తాడంటే మీరు దించుతున్నది ఒకరిని, బలం ఇస్తున్నది మేయర్‌కు.

సంతకం విషయంలో కొన్ని జాగ్రత్తలు. పిటిషన్ కాగితాలు కౌంటీవారీగా ఉంటాయి, మీ కౌంటీ కాగితం మీదే పెట్టండి. ఓటరు నమోదులో ఉన్న చిరునామానే రాయండి, ఇల్లు మారి ఉంటే ముందు నమోదు మార్చుకోండి. సూపర్ మార్కెట్ ముందు నిలబడేవాళ్లలో చాలామంది సంతకానికింత అని డబ్బు తీసుకునేవాళ్లే, అది ఇక్కడ చట్టబద్ధమే. వాళ్లు చెప్పేది వినడం కాదు, పైన అచ్చువేసింది చదవండి. ఒకేసారి నాలుగైదు పిటిషన్లు చేతిలో పెట్టి గబగబా పెట్టించేస్తారు.

మీ ఆవిడ విషయం ఖచ్చితంగా పాటించాల్సింది. ఆ కాగితం మీద సంతకమంటే "నేను ఇక్కడ నమోదైన ఓటరును" అని చెప్పడం. గ్రీన్ కార్డుతో అది కుదరదు. అంతకంటే ప్రమాదం, ఆ సేకరించేవాళ్ల దగ్గర ఓటరు నమోదు ఫారాలు కూడా ఉంటాయి, "ఇది కూడా నింపేయండి" అంటారు. పౌరసత్వం రాకముందు అది నింపితే రేపు పౌరసత్వం దరఖాస్తులో పెద్ద టెన్షన్ అవుతుంది. ఎన్నికల మీద ఆసక్తి ఉంటే ఆవిడ పోలింగ్ వర్కర్‌గా చేరొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను తీసుకోవచ్చని 2013లో కాలిఫోర్నియాలో చట్టం చేశారు. కౌంటీ ఎన్నికల ఆఫీసులో దరఖాస్తు దొరుకుతుంది.